గడపలో అడిగిన ప్రశ్న

మా జపనీస్ మేడం పోయారని మొన్న పొద్దున బట్లహళ్ళి బస్టాపులో ఉండగా ఫోను వచ్చింది. ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది నాకు. ముందురోజే కదా, ఇంకా గొంతు పెగలడం లేదని నన్ను తిట్టారు.

బెంగళూరు ఫ్యాక్టరీలో జపాన్ వాళ్ళతో ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చి, చింతామణిలో తమ ఇంటి ముందుగదిలో మాలాంటి ఆడపిల్లలకు ఆ భాష నేర్పేవారు. అక్కడి అలవాటని చెప్పులు వీధివైపు తిప్పి విడిచేవారు. నేను ఒక ఇంటర్వ్యూ పోగొట్టుకుని ఆమె దగ్గర చేరాను. ఆ ఇంటర్వ్యూలో చివరికి "ఏమైనా అడుగుతావా?" అని వాళ్ళంటే తల వంచుకుని వచ్చేశాను. మా ఇంట్లో ఆడపిల్ల ప్రశ్న వేస్తే ఎదురు చెప్పినట్టే లెక్క.

"అడిగితే నోరేమన్నా అరిగిపోతాదామ్మా?" అనేవారు మేడం.

క్లాసు అయ్యాక చెప్పులేసుకుని, బయలుదేరినట్టు గడపలో నిలబడేవారు. ఎక్కడికి వెళ్తున్నారని ఒక్కొక్కరం జపనీస్‌లో అడగాలి. స్నేహితురాలినైతే ఒక తీరు, కొత్తవాళ్ళనైతే ఒక తీరు, పెద్దలనైతే ఇంకా మర్యాదగా. అన్నీ నాకు కంఠతా వచ్చు. కానీ బయలుదేరేవాళ్ళను ఎక్కడికని అడిగితే పోయే పని చెడుతుందని వింటూ పెరిగినదాన్ని. అందుకని మొదటిరోజు "తోఓయ్ దెస్ కా?" అన్నాను. దూరమా అని. మనం అట్లాగే కదా అడుగుతాం.

మేడం గోడ పట్టుకుని నవ్వారు. "దూరమా అంటే వాళ్ళకేం తెలుస్తాది తల్లీ. యాడికని అడుగు. పని చెడితే నాది కదా చెడేది."

రెండో ఇంటర్వ్యూలో మూడు ప్రశ్నలు అడిగాను. ఆడవాళ్ళకు రాత్రి బస్సు ఉందా అని కూడా. వచ్చే సోమవారం ఉద్యోగంలో చేరాలి. ఆ మాట విని ఆమె మెచ్చుకోలేదు, నాలుగోది ఏమైందని అడిగారు.

పాడె లేపేటప్పుడు అదే గడపలో నిలబడి, గొంతు తగ్గించకుండా, పెద్దలను అడిగే తీరులో అడిగాను. "దొచిరా ఎ ఇరష్షాయిమస్ కా?"

"ఏందమ్మా అది, మంత్రమా?" అన్నారు మేడం అక్క.

"యాడికి పోతాండారని అడిగినా."

"పోయేవాళ్ళను అట్ల అడగొచ్చునా? అపశకునం కాదా?"

"మేడమే నేర్పించినారు. అడుగుతా."

వెనక నలుగురు గొణిగారు. గొణగనీ. ఇంకోసారి అడిగాను, ఈసారి వీధి చివరకు వినపడేలా. పాడె సందు మలుపు తిరిగిపోయింది. గడప పక్కన మేడం చెప్పులు వీధివైపే చూస్తూ ఉన్నాయి.