బొట్టు పెట్టి పిలిచిన పాలరాతి పిల్ల

దయ్యాలంటే నాకు నవ్వు. కరీంనగర్‌లో చదువుకునేటప్పుడు, హాస్టల్లో అందరూ భయపడే గదిలో రెండేళ్ళు ఒక్కదాన్నే పడుకున్నాను. గాలీ వెలుతురూ బాగుండేవి మరి! ‘ఈమెకు చిన్నప్పట్నుంచీ భయాలే’ అని ఎవరూ అనుకోకూడదనే ఇది ముందు చెబుతున్నాను.

మేముండేది వాట్‌ఫర్డ్‌లో. మూడేళ్ళ క్రితం ఆగస్టులో, మా అత్తమ్మ ఇండియా నుంచి వచ్చింది. శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. గురువారం పొద్దున్నే కుంకుమ భరిణె పట్టుకుని, చుట్టుపక్కల ఫ్లాట్లలో ఐదుగురు తెలుగు ఆడవాళ్ళకు బొట్టు పెట్టి పేరంటానికి పిలిచింది. అలా పిలిచిన మనిషిని వాయనం ఇవ్వకుండా పంపకూడదు. ఆ విషయంలో అత్తమ్మ మహా పట్టుదల మనిషి.

మా పాప సహస్రకు అప్పుడు ఆరేళ్ళు. బడి సెలవులని ఆ మధ్యాహ్నం ఇద్దర్నీ లండన్‌లో ఓ మ్యూజియానికి తీసుకెళ్ళాను. గ్రీకు, రోమన్ విగ్రహాల హాలు. విరిగిన ముక్కులూ, చేతులూ చూసి అత్తమ్మ ఒకటే బాధపడింది.

ఓ మూలన, చేతిలో పిట్టతో, చెప్పుల్లేని కాళ్ళతో పాలరాతి పిల్ల నిలబడి ఉంది. సహస్ర పక్కన నిలబడితే ఇద్దరిదీ ఒకటే ఎత్తు. చనిపోయిన కూతురి సమాధి మీద తల్లిదండ్రులు పెట్టించిన బొమ్మ అని, బోర్డు చదివి చెప్పాను.

“అయ్యో, గింత పిల్లనా!” అంటూనే అత్తమ్మ హ్యాండ్‌బ్యాగులోంచి భరిణె తీసి దాని నుదుట బొట్టు పెట్టేసింది. “రేపు మా ఇంటికి రా బిడ్డా. వాయనం తీస్కపోదువు.”

నా పైప్రాణాలు పైనే పోయాయి. కాపలా ఆవిడ పరుగున వచ్చింది. పదిసార్లు సారీ చెప్పాను. ఎవరో వచ్చి దూదితో తుడిచారు. తిరుగు ట్రైన్లో కోపంతో అత్తమ్మకు దూరంగా వేరే సీట్లో కూర్చున్నాను.

మర్నాడు ఐదుగురూ వచ్చారు, కాళ్ళకు పసుపు రాయించుకున్నారు, వాయనాలు తీసుకుని వెళ్ళారు. నేను గిన్నెలు కడిగి హాల్లోకి వచ్చేసరికి, సహస్ర తన చిన్న కుర్చీని గోడ పక్కన వేసి, దాని ముందు కార్పెట్ మీద కూర్చుని ఉంది. పక్కన పసుపు గిన్నె. వాళ్ళ నానమ్మ రాసినట్టే, మడమల నుంచి వేళ్ళ సందుల దాకా నెమ్మదిగా గాలికి పసుపు రాస్తోంది.

“మమ్మీ, హర్ ఫీట్ ఆర్ సో కోల్డ్.”

నవ్వొచ్చింది. చేతులు కడుగుదామని పట్టుకున్నాను. మణికట్ల దాకా మంచు! కిటికీలన్నీ తెరిచినా చెమటలు పట్టే రోజు. వేడినీళ్ళలో పెట్టాను, రుద్దాను, ఊదాను. వెచ్చబడలేదు.

“షీ వోంట్ గో విదౌట్ మీ,” అంది సహస్ర. దాని మొహంలో భయం లేదు. నాకు వణుకు పుట్టింది అందుకే.

శని, ఆదివారాలూ అంతే. డాక్టరు చూసి అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. రాత్రంతా దాని చేతులు నా చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాను, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

“తప్పు నాదే,” అని అత్తమ్మ ఏడ్చింది. “పిల్సినోళ్ళను ఉత్తచేతులతోని ఎట్ల పంపుతం? పొయ్యి ఇచ్చిరా, అనితా.”

సోమవారం ఒక్కదాన్నే వెళ్ళాను. సంచిలో నానబెట్టిన శనగలు, అరటిపండు, జాకెట్టు ముక్క. బొమ్మ ముందు నిలబడి కాళ్ళ వైపు చూశాను.

వేళ్ళ సందుల్లో పసుపు.

ఆ కాపలా ఆవిడే వచ్చింది. శుక్రవారం సాయంత్రం నుంచి ఆ కాళ్ళు రెండుసార్లు తుడిచామనీ, మళ్ళీ ఎందుకు రాశారనీ నిలదీసింది. గురువారం తర్వాత మేమెవరమూ ఇటు రాలేదని చెప్పాను. ఆవిడ నాలుగడుగులు దూరంగా వెళ్ళి నిలబడింది.

సంచి ముందుకు చాచాను. ఆ కాళ్ళ దగ్గర పెట్టాను. “తీస్కో తల్లీ. నా బిడ్డను ఇడ్శిపెట్టు.”

స్టేషన్ చేరేలోగా అత్తమ్మ ఫోన్ చేసింది. సహస్ర చేతులు వెచ్చబడ్డాయట. ఆకలంటోందట. ప్లాట్‌ఫాం మీదే ఏడ్చేశాను.

ఇదంతా ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలున్నాయని ఈరోజుకీ అనలేను. కానీ ప్రతి శ్రావణంలో ఐదుగుర్ని పిలిచి ఆరు వాయనాలు కడుతున్నాను.

సహస్రకు తొమ్మిదేళ్ళొచ్చాయి. ఆరోది ఎవరికని ఒక్కసారీ అడగలేదు. తనకు ఎప్పుడో పట్టకుండా పోయిన ఆ చిన్న కుర్చీని మాత్రం, నేను చెప్పకుండానే తెచ్చి గోడ పక్కన వేస్తుంది.