దిగాల్సిన చోటు

కోవిల్‌పట్టి నుంచి యాత్రికులకు సముద్రం చూపించడానికి వెళ్లే వ్యానులో గైడు పొన్నుతాయి ఎప్పుడూ డ్రైవరు పక్కన, చెప్పులు విడిచి కూర్చుంటుంది. కొంగు నడుముకు దోపి, ఉప్పుమడుల గురించీ, తాటిబెల్లం గురించీ, ముత్యాలకోసం మునిగేవాళ్ల గురించీ అరవంలో గలగలా చెబుతుంది. తన ఊరు నాగలాపురం పొలిమేర రాగానే మాత్రం గొంతు తగ్గుతుంది. అక్కడ రేగడి చేని గట్టున వాళ్ల ఇంటిదేవత జక్కమ్మ రాయి ఉంది. అమ్మ ముందు బండి మీద కూర్చుని దాటడం వాళ్లింట్లో ఏ తరమూ ఎరగదు. అందుకే రోజూ వ్యాను ఆపించి, అందరినీ వట్టికాళ్లతో నల్లమట్టిలో నడిపిస్తుంది. ఈ ఆలస్యం వ్యాను యజమానికి, అంటే ముదలాళికి, గిట్టదు.

ఆ రోజు డ్రైవరు హరిహరన్ వేగం తగ్గించలేదు. "అక్కా, ఇంకోతూరి ఈడ నిలిపితే నీకు పని లేదన్నాడు ముదలాళి. నిన్ను ఈడనే దించేసి పొమ్మన్నాడు."

"అట్లనా? అయితే నిలుపప్పా బండి."

ముందు తనే దిగింది. ఆమె వెనక ఒక ముసలమ్మ, తర్వాత మిగతావాళ్లూ చెప్పులు విడిచి దిగారు. రాయికి పసుపు పూసి వచ్చి, పొన్నుతాయి పచ్చటి చేత్తో కిటికీ పట్టుకుంది.

"దించేసినానని చెప్పు మీ ముదలాళికి. ఏడ దించినావని అడిగితే, అక్క వాళ్లింటి ముందరేనని చెప్పు."