ఎండాకాలపు నీళ్లు

టోబిన్ రోజూ పొద్దున్నే ఇంటి ముందున్న నీలిపూల పొదల దగ్గర మోకాళ్ల మీద కూర్చుంటాడు. ఎండుటాకులు పక్కకు జరిపి మట్టిలోకి వేలు గుచ్చుతాడు. పొడిగా తగిలితే తృప్తిగా తల ఊపుతాడు. ఈ కాలిఫోర్నియా కొండల్లో వానలు చలికాలంలోనే పడతాయి. ఇక్కడ పుట్టిన ఆ పొదలు ఎండాకాలమంతా నిద్రపోతాయి. అప్పుడు నీళ్లు పోస్తే వేళ్లు కుళ్లి చస్తాయి. పచ్చగడ్డి పెంచుకునే పక్కింటి గిల్ కంచె మీదికి వాలి, "ఏం పెద్దాయనా, ఇవాళైనా గుక్కెడు పోశావా, ఉపవాసమేనా?" అంటాడు. టోబిన్ నవ్వి ఎండుటాకులు మళ్లీ మట్టి మీదికి సర్దుతాడు. వాటిలో పెద్ద పొదను అతని భార్య నోరీన్ మొలిపించింది, కొండ మీద ఏరిన గింజలను మరిగే నీళ్లలో నానబెట్టి. వేసవిలో దాని జోలికి పోవద్దని అతనికి నేర్పిందీ ఆమే.

ఇప్పుడు ఆమెకు ఆ సంగతే కాదు, అతని పేరూ గుర్తు లేదు. ఎండలు మండే ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆమె ఆ పొద మొదట్లో నీళ్ల క్యాను వంచుతుంటే టోబిన్ పరుగున వచ్చి లాక్కున్నాడు. ఆమె ఖాళీ చేతులు చాపుకుని అలాగే నిలబడిపోయింది. "దీనికి దాహంగా ఉంది బాబూ, చూడలేకపోతున్నాను. ఈ ఇంటాయనెవరో గానీ ఒట్టి పిసినారి," అంది. కొన్ని నెలలుగా ఆమె తనంతట తాను చేయబోయిన పని అదొక్కటే. టోబిన్ కాసేపు పొద వైపు చూశాడు.

"అవునమ్మా, వాడు మొదట్నించీ అంతే," అని కుళాయి దగ్గరకు వెళ్లి, క్యాను నిండా పట్టి తెచ్చి ఆమె చేతికిచ్చాడు.