వంద మీటర్లలో ఆగిన రైలు

ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్‌లో నేను తప్పడానికి కారణం మా నాన్న. మా అమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు, నా బద్ధకమే కారణమంటుంది. ఇద్దరి వాటా ఉందని నేనూ అంటాను గానీ, ముందు ఆయన వాటా చెప్తాను.

మా నాన్న కాజీపేటలో గూడ్సు బండ్ల డ్రైవరు. కాగితాల్లో లోకో పైలట్ అని ఉంటుంది, మా కాలనీలో ఎవరూ అలా అనరు. ఆయనకు దూరాలన్నీ స్తంభాల్లోనే. పట్టాల పక్కన కరెంటు తీగలు మోసే స్తంభాలుంటాయి కదా, ఒకదానికీ ఇంకోదానికీ అటూ ఇటూగా అరవై మీటర్లు. పెళ్లికి వెళ్తే ఫంక్షన్ హాలు రోడ్డు నుంచి నాలుగు స్తంభాలు లోపలికి ఉందంటాడు. మా ఇంటి నుంచి చర్చి పదకొండు స్తంభాలు. ఆయన టేపు పెట్టి కొలవలేదు, అయినా కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ ఏడాది క్లాసులో ఒక లెక్క ఇచ్చారు. రైలు గంటకు డెబ్బై రెండు కిలోమీటర్ల వేగంతో పోతోంది. డ్రైవరు బ్రేకు వేస్తే, ప్రతి సెకనుకూ దాని వేగం సెకనుకు రెండు మీటర్ల చొప్పున తగ్గుతుంది. ఎంత దూరం పోయి ఆగుతుంది? వేగాన్ని వేగంతోనే గుణించి, తగ్గుదలకు రెట్టింపుతో భాగిస్తే సరి. నేను డెబ్బై రెండును డెబ్బై రెండుతో గుణించి నాలుగుతో భాగించాను. పన్నెండు వందల తొంభై ఆరు మీటర్లు వచ్చింది. డ్యూటీ దిగి వచ్చి టీ తాగుతున్న నాన్నకు చూపించాను. ఆయన మనసులో లెక్కేసుకుని, ఇరవై ఒకటిన్నర స్తంభాలు, సరిగ్గా వచ్చిందన్నాడు. లోడు బండి అంత దూరం పోనే పోతుందట. పుస్తకం చివర మాత్రం జవాబు వంద మీటర్లని ఉంది. అది చూపించగానే కప్పు కింద పెట్టాడు.

"వంద మీటర్లల్ల ఆగుతదా? ఎవ్వలు రాసిన్రో గాని, వాళ్లు ఎన్నడు బండి నడపలే బిడ్డా."

ఇరవై ఏళ్లుగా బండ్లు నడుపుతున్న మనిషి చెప్పాక పుస్తకం మాట ఎవరు వింటారు? అచ్చుతప్పు అని పెన్సిల్‌తో పక్కన రాసుకున్నాను. కాలనీ నుంచి నాతో వచ్చే ముగ్గురికీ చెప్పాను. వాళ్ల నాన్నలూ రైల్వేవాళ్లే కాబట్టి వాళ్ల ఇళ్లలోనూ అదే తీర్పు వచ్చింది. పరీక్షలో వేగం లెక్కలన్నీ మేం నలుగురం ఒకేలా తప్పు చేశాం. మిగతా పాఠాలు చదువుకున్నందుకు ఆ ముగ్గురూ గట్టెక్కారు. నేను మిగిలిపోయాను.

సప్లిమెంటరీలోనూ పోతే చదువు మానేసి కాశిబుగ్గలో పిన్ని దగ్గర కుట్టుపని నేర్చుకుంటానని ప్రకటించాను. నేను కుట్టిన లంగా ఒకటి చూసి ఉన్న పిన్ని, ఎలాగైనా పాసవమని ఫోన్ చేసి బతిమాలింది. పైకి నవ్వాను గానీ లోపల నిజంగానే భయం. అమ్మ ఆదివారం నా కోసం ప్రార్థన చేయించింది. పాస్టరు గారు సబ్జెక్టు పేరుతో సహా మైకులో చదవడంతో, నేను ఎందులో తప్పానో సంఘమంతటికీ తెలిసిపోయింది.

నాన్న మాత్రం పుస్తకం చంకలో పెట్టుకుని తేల్చుకుందామని మా లెక్చరర్ దగ్గరికి వెళ్లాడు. గంట తర్వాత చల్లబడి వచ్చాడు. గంటకు డెబ్బై రెండు కిలోమీటర్లంటే సెకనుకు ఇరవై మీటర్లట, అలా మార్చాకే సూత్రంలో వేయాలట. అప్పుడు వంద మీటర్లే వస్తుందట.

"సూత్రం మంచిదే బిడ్డా. బ్రేకే మరీ గట్టిగ వట్టిన్రు. మన బండికి గంత పట్టుండది."

రెండు బదులు దానిలో పదో వంతు వేసి చేయమన్నాడు. వెయ్యి మీటర్లు వచ్చింది. పదిహేడు స్తంభాలకు కాస్త తక్కువ. ఇదీ బండంటే అని మురిసిపోయి, ఇక అక్కడి నుంచి నన్ను వదల్లేదు. ఖాళీ బండికి ఒక లెక్క, వానలో ఒక లెక్క, అన్నం కలుపుతుంటే ఇంకో లెక్క. విసుగొచ్చి ఒకరోజు అడిగాను, బ్రేకు వేసేటప్పుడు కూర్చుని స్తంభాలు ఎవరు లెక్కపెడతారని.

ఆయన పళ్లెం పక్కకు జరిపాడు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఆయన డ్యూటీ నుంచి వచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. జ్వరమని అమ్మ చెప్తే నమ్మాను. ఆ రోజు పట్టాలు దాటుతున్న ఒక ముసలాయన ఆయన బండి కింద పడ్డాడని ఇప్పుడు చెప్పాడు.

"హారన్ కొట్టిన, బ్రేకు ఏసిన. ఇగ నా చేతుల ఏం లేదు. స్తంభాలు లెక్కవెట్టుకుంట కూసున్న."

ఆయన స్తంభాల లెక్కను అన్ని రోజులు వేళాకోళం చేసినందుకు నాకు సిగ్గేసింది.

సప్లిమెంటరీ పేపర్లో రైలు మళ్లీ వచ్చింది. అదే వేగం, అదే బ్రేకు. ఈసారి నూట ఇరవై మీటర్ల దూరంలో పట్టాల మీద మనిషి ఉన్నాడు, రైలు అతన్ని చేరేలోపు ఆగుతుందా అని అడిగారు. వేగాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చి, రెండుసార్లు సరిచూసుకుని రాశాను.

గేటు బయట నాన్న స్కూటర్ మీద ఎదురుచూస్తున్నాడు. వేగం మార్చినవా అని అడిగాడు. మార్చానన్నాను. లెక్కేమిటో కూడా చెప్పాను.

"మరి ఆగిందా?"

"ఆగింది డాడీ. ఇరవై మీటర్లు ముందుగాల్నే."

"మంచిగైంది," అన్నాడు. "పుస్తకంలనన్న ఆగనీ."