ఎనిమిదో బొమ్మ

1978 మార్చి 11, శనివారం. నంద్యాలలో ఆళ్లగడ్డ బస్సెక్కి కూర్చున్నానో లేదో, పక్క సీటు పెద్దాయన ఒళ్లో బయోస్కోపు పెట్టె కనిపించింది! నా ప్రాణం లేచి వచ్చింది.

నేను పుట్టింది గోదావరి లంకలో. ఏడాదికొకసారి పడవలో జీళ్ల బుట్టతోపాటు అలాంటి పెట్టె వచ్చేది. నాలుగు జామకాయలిస్తే పెట్టె అతను ఏడు బొమ్మలు చూపించి, "ఎనిమిదోది వచ్చే ఏడాది" అంటూ మూత వేసేవాడు. వరసగా ఆరేళ్లు చూశాను. ఎనిమిదోది మాత్రం చూడనేలేదు.

"ఎనిమిదో బొమ్మ ఏమిటి పెద్దాయనా?" అని అడిగేశాను.

ఆయన పకపకా నవ్వాడు. "యాడిదమ్మా ఎనిమిదోది? మా నాయన కూడా అట్లే చెప్తాండె. మళ్లా మేం పోయేదాకా పిల్లోళ్లు ఎదురుచూడాల గదా!"

"ఎంత మోసం!"

"చూస్తావామ్మా?" అని పెట్టె నా వైపు తిప్పాడు.

ముప్పై ఎనిమిదేళ్ల పంతులమ్మను, బస్సంతా చూస్తుండగా అద్దానికి కన్ను ఆనించాను. కుదుపుల మధ్య కోట, ఏనుగు, రైలు కదిలిపోయాయి. లెక్కపెట్టాను, సరిగ్గా ఏడు. మూత పడింది.

"ఎనిమిదోది వచ్చే ఏడాది," అన్నాడు.

ఆళ్లగడ్డలో దిగుతూ, అంతా తెలిసి కూడా అడిగాను: "వచ్చే ఏడాది ఏ నెలలో వస్తారు?"