గ్యాస్‌బత్తి బూడిద

పాతకాలపు గ్యాస్‌బత్తి మ్యాంటిల్లో థోరియం ఉండేదని, దాని నుంచి రేడియేషన్ వచ్చేదని మొన్న పేపర్లో చదివాను. అప్పటి నుంచి నా ఒళ్లు మండుతూనే ఉంది.

మాది కట్టంగూర్ పక్క పల్లె. నైజాం కాలంలో దొర గడీలో బత్తీలు తుడిచే వెట్టి మా అమ్మది. కూలీ లేదు, పిడికెడు గింజల్లేవు. మ్యాంటిల్ అంటే చిన్న గుడ్డ సంచి. మొదటిసారి వెలిగించగానే గుడ్డ కాలి తెల్లని బూడిద జాలీ మిగులుతుంది. వెలుగంతా దానిదే. వేలు తగిలితే రాలిపోతుంది. రాలినదాన్ని అమ్మ నోటితో ఊది శుభ్రం చేసి కొత్తది కట్టేది. వెలుగు గడీ వాళ్లకు, దుమ్ము మా అమ్మకు.

ఆ బూడిదను మా వాడలో ఎవరూ పారేసేవారు కాదు. అంత మంటకే చావనిది పుండును మాన్పదా అని నమ్మకం. చెల్లె కాలికి తుమ్మముల్లు దిగి చీము పట్టినప్పుడు అమ్మ కొంగున కట్టి తెచ్చి అదే అద్దింది. కాలు తొడదాకా వాచింది. చెల్లె బతకలేదు. "నా చేతులతోటే సంపుకున్ననేమో బిడ్డా" అని అమ్మ పోయేదాకా కుమిలింది.

ఇప్పుడీ పేపరు! కాలేజీలో సైన్సు చెప్పే మనవడి మీద అరిచాను. "నా చెల్లెను మా అమ్మనే సంపిందారా? సక్కగ చెప్పు!"

"కాదవ్వా. గా బూడిదల ఉన్నది శాన తక్కువ. దానికి మనిషి గట్ల సావడు. రోజూ ఊదినామె లోపలికే జర ఎక్కువ పోయుంటది. నీ చెల్లెను సంపింది చీము. దవాఖానల కోసి తీస్తే బతికేదేమో."

దవాఖాన! నల్లగొండ ఏమంత దూరమని? అప్పుడు మా బాపు ఎవరినో బతిమాలి బండి కట్టించాడు. వెట్టి మనిషి ఇంట్లో ఎవరు ఊరు దాటాలన్నా దొర సెలవియ్యాలి. గడీలో అతని బిడ్డ లగ్గం. "బాంచెన్ దొరా, పోరి కాలు కుళ్లుతాంది" అని అమ్మ కాళ్ల మీద పడింది.

"లగ్గమైనంక పోదువు తియ్. బత్తీలెవరు తుడుస్తరు?" అన్నాడు దొర.

అమ్మా, నువ్వు చంపలేదు. వాడు చంపాడు. వాడికి ఏ కోర్టూ లేదు, వాడి గురించి ఏ పేపరూ రాయలేదు.

లగ్గం ముగియకముందే చెల్లె పోయింది. ఆ రోజు కూడా గడీలో బత్తీలు అమ్మే తుడిచింది.