కొబ్బరినూనె సీసాలో డీజిలు

నిన్న ఉదయం ఆరూ పదికి పలాస దగ్గర హైవే మీది బంకులో ఒక లారీ డీజిలు పోయించుకుంటోంది. ఆ వాసనకు మా నాయనమ్మ గుర్తొచ్చింది.

పందొమ్మిది వందల యాభైల్లో మా ఉద్దానం తీరాన ముసురు విడిస్తే ఊరంతా ఒక్కసారి లేచేది. ఆ ఏడు వారం పైగా తెప్పలు కదల్లేదు. కదిలిన మొదటి రోజే వలలు చిరిగేంత చందువ చేపలు పడ్డాయి. తడి ఇసుక, పచ్చి చేప, ఉడికే గంజి, లారీ పొగ కలగలిసిన వాసనలో ఆడవాళ్లు కేకలేసుకుంటూ గంపలు ఎక్కించారు. లారీ నడిపేది మా అమ్మ తమ్ముడు అప్పన్న మావ. మా అరుగు మీది డబ్బా తీసుకుని, పీపాలోంచి డీజిలు పట్టి ట్యాంకులో పోశాడు. మంచుగడ్డ పలాసలోనే, అదీ రైల్లో చేపకు సరిపడినంతే దొరికేది. అక్కడ కలకత్తా రైలు అందకపోతే ఆ చేపంతా ఉప్పులోకి పోవలసిందే. గంపల మధ్య మరో నలుగురు ఆడవాళ్లతో నాయనమ్మ, ఆవిడ ఒళ్లో నేను.

జీడితోటల దగ్గర లారీ దగ్గింది, కుదిపింది, ఆగిపోయింది.

మావ గాజు సీసా కావాలన్నాడు. నాయనమ్మ సంచిలోని కొబ్బరినూనె మా తలల మీద ఒంపేసి, సీసాను కొంగుతో తుడిచి ఇచ్చింది. ఫిల్టరు కింది మర తిప్పి మావ అందులోకి డీజిలు పట్టాడు. కాసేపు కదపకుండా ఉంచి ఎండకు ఎత్తాడు. పైన తేనె రంగు, కింద తేట నీళ్లు, మధ్యన గీత.

"డబ్బాలో నీలు పోసినోలు ఎవులు?"

"పొయ్యనేదురా, కడిగినాను. కంపు కొడతంది. కడక్కండా దేంట్లోనైనా పోత్తారేటి?" అంది నాయనమ్మ.

"ఓలత్తా! లారీకి తానం సేయించీసినావు!"

"నువ్వు సేసి ఎన్నాలయ్యిందో అది సెప్పు ముందు."

అందరూ నవ్వారు గానీ, ఎండ ఎక్కుతోంది, గంపల మీద తడి గోనెలు ఆరిపోతున్నాయి. మావ ట్యాంకు అడుగు మర విప్పాడు. నీళ్లు బరువు కనుక ముందు అవే దిగుతాయి. సీసాలోకి పట్టడం, ఎండకు ఎత్తడం, పారబోయడం. ప్రతిసారీ మేమంతా సీసా చుట్టూ మూగేవాళ్లం. గీత కిందికి జారింది, ఇంకా జారింది. "నేదు! నీలు నేదు!" అని నాయనమ్మ అరిచింది. మావ చేతి పంపు కొట్టి డీజిలు గొట్టంలో చేరిన గాలి వదిలించాడు. ఇంజను అందుకుంది. పలాస స్టేషన్లో దిగేసరికి రైలు కూత వేస్తోంది. గంపలు చేతుల మీదుగా పరుగెత్తాయి. ఒక్కటీ మిగల్లేదు.

నాయనమ్మ డబ్బా కడగడం ఆ తర్వాత కూడా మానలేదు. కడిగి ఎండలో బోర్లించేది. డీజిలు పట్టాక ఆవిడ సీసాలో చూసి సరేనంటేనే మావ ట్యాంకులో పోసేవాడు.

ఇద్దరూ పోయారు. ఇప్పటి లారీల్లో డీజిలులో నీళ్లు చేరితే స్టీరింగు ఎదురుగా చిన్న దీపం వెలుగుతుందని నిన్న బంకులో ఆ లారీ డ్రైవరు చూపించాడు. డీజిలును సీసాలో పట్టి ఎండకు ఎత్తి చూడడం మా వైపు ఇప్పుడు ఎవరూ చేయడం లేదు.